విస్కీ రుచిలో చరిత్ర: గోదావరి మెట్ట నుంచి ఒక పరిశీలన

7.0 లక్ష్యం

ఈ పాఠం పూర్తిచేసిన తరువాత, విస్కీలో ఇన్ని రకాలు ఎందుకు ఏర్పడ్డాయో, ఒక్కొక్క రకం రుచి వెనుక ఏ ధాన్యం, ఏ ఇంధనం, ఏ పన్ను చట్టం ఉన్నాయో మీరు వివరించగలుగుతారు. మన దుకాణాల్లో విస్కీ పేరుతో అమ్మే పానీయం ఆ రకాల మధ్య ఎక్కడ చేరుతుందో, గోదావరి జిల్లాల ఆబ్కారీ చరిత్ర మనల్ని ఆ పానీయం దగ్గరికి ఎలా తీసుకువచ్చిందో కూడా చెప్పగలుగుతారు. ఒక మాట ముందే చెబుతున్నాను: ఈ పాఠం చదవడానికి మద్యం తాగవలసిన అవసరం లేదు. తాగని విద్యార్థికి ఇందులో తక్కువయ్యేదేమీ లేదు, తాగే విద్యార్థికి అదనపు మార్కులూ లేవు.

7.1 పరిచయం

జంగారెడ్డిగూడెంలో పొగాకు వేలం జరిగే రోజుల్లో ఎప్పుడైనా వేలం కేంద్రానికి వెళ్ళి చూడండి. వరుసగా పేర్చిన బేళ్ళ మధ్య కొనుగోలుదారు నడుస్తూ ఉంటాడు. ఆకును వేళ్ళ మధ్య నలుపుతాడు, వెలుతురుకు పట్టి రంగు చూస్తాడు, ఒక్కసారి ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. అంతే, ధర చెప్పేస్తాడు. ఆకు ఏ నేలలో పండిందో, బ్యారన్‌లో ఎలా కాల్చారో, ఎక్కడ తడి తగిలిందో అతని వేళ్ళకూ ముక్కుకూ తెలిసిపోతుంది. నేను పెరిగింది ఈ ఊరి చుట్టుపక్కలే. చిన్నతనంలో ఆ మనిషిని చూసి అతనికి ఏదో విద్య ఉందనుకునేవాణ్ణి. చరిత్ర పాఠాలు చెప్పడం మొదలుపెట్టాక అర్థమైంది, అతను చేస్తున్నది ఆధారాన్ని చదవడమే.

మద్యాన్ని కూడా అలాగే చదవవచ్చు. నాలుగు గ్లాసుల్లో నాలుగు దేశాల విస్కీ పోసి పక్కపక్కన పెడితే ఒకటి పొగ వాసన వేస్తుంది, ఒకటి తియ్యగా ఉంటుంది, ఒకటి మెత్తగా జారుతుంది, ఒకటి మిరియంలా ఘాటుగా ఉంటుంది. రుచి చూసేవారు సాధారణంగా దీన్ని ఇష్టాయిష్టాల విషయంగా తీసుకుంటారు. చరిత్ర విద్యార్థి అక్కడితో ఆగకూడదు. ఈ పొగ ఎక్కడిది, ఈ తీపి ఎక్కడిది అని అడగాలి. అడిగితే జవాబులు చాలాసార్లు పొలంలోనూ, పన్నుల కచేరీలోనూ దొరుకుతాయి.

7.2 విస్కీలో రకాలు: ధాన్యం, పొగ, పన్ను

విస్కీ అంటే స్థూలంగా ధాన్యాన్ని పులియబెట్టి, బట్టీ పట్టి, కొయ్య పీపాలో నిలవ ఉంచిన సారా. స్కాట్లండ్‌లో దీని తొలి లిఖిత ప్రస్తావన 1494 నాటి రాజకోశపు లెక్కల్లో ఉంది. జాన్ కార్ అనే సన్యాసికి సారా కాచేందుకు ఎనిమిది బోల్‌ల మాల్టు ఇచ్చినట్టు అందులో నమోదయింది. మొదటి ఆధారమే ఖజానా లెక్క కావడం గమనించండి. మద్యం చరిత్రలో ఆధారాలు ఎక్కువగా పన్ను వసూలు చేసేవాళ్ళ పుస్తకాల్లోనే మిగులుతాయి. తాగినవాళ్ళు రాసిపెట్టుకోరు కదా!

మాల్టు అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ. మనం రాగుల్ని మొలకకట్టి, ఎండబెట్టి పిండి చేసుకున్నట్టే. మొలక మరీ పెరగకుండా ఆపాలంటే వేడి తగలాలి. స్కాట్లండ్ పశ్చిమ దీవుల్లో కట్టెలు తక్కువ. బురదనేలల్లో వేల ఏళ్ళుగా కుళ్ళి పేరుకున్న గడ్డీగాదమూ ఉంటుంది. దాన్ని పీట్ అంటారు. ఇటుకల్లా కోసి ఎండబెట్టి పొయ్యిలో పెడతారు, మన పిడకల్లాగే. ఆ పొగ మొలకకు పడుతుంది, మొలక నుంచి సారాకు వస్తుంది. ఐలా దీవి విస్కీని మొదటిసారి వాసన చూసినవారు టింక్చరు సీసా గుర్తొచ్చిందంటారు. అది ఎవరో కోరి కలిపిన పరిమళం కాదు. ఆ దీవిలో దొరికిన వంటచెరకు అది.

ఐర్లండ్ సంగతి వేరు. 18వ శతాబ్దంలో అక్కడ మాల్టు మీద పన్ను వేశారు. పన్ను మొలకెత్తిన బార్లీకే గానీ మొలకెత్తని బార్లీకి లేదు. బట్టీదారులు రెండూ కలిపి కాచడం మొదలుపెట్టారు. పచ్చి బార్లీ వల్ల సారాకు ఒక జిడ్డుదనం, కొంచెం మసాలా ఘాటు వచ్చాయి. ఐరిష్ పాట్‌స్టిల్ విస్కీ అని ఈనాడు గర్వంగా చెప్పుకునే శైలి చాలావరకు ఆ పన్ను తప్పించుకునే ఉపాయం నుంచి పెరిగింది. పన్ను పోయింది, రుచి మిగిలింది.

స్కాట్లండ్‌లో 18వ శతాబ్దం చివర పన్నులు విపరీతంగా పెరిగితే కొండల్లో దొంగబట్టీలు పెరిగాయి. 1823 నాటి ఎక్సైజు చట్టం సుంకం తగ్గించి, సంవత్సరానికి 10 పౌండ్ల లైసెన్సుతో బట్టీ పెట్టుకునే వీలు కల్పించింది. గ్లెన్‌లివెట్ లోయలో జార్జ్ స్మిత్ 1824లో లైసెన్సు తీసుకున్నాడు. చుట్టుపక్కల దొంగబట్టీవాళ్ళు అతన్ని చంపుతామని బెదిరించారు, అతను పిస్తోళ్ళు వెంట పెట్టుకుని తిరిగాడు. చట్టబద్ధమైన విస్కీ మొదట ద్రోహిగా కనబడిందన్నమాట.

ఆ తరువాత వచ్చింది అసలు మలుపు. ఈనియాస్ కాఫీ అనే ఐరిష్ మనిషి 1830లో నిరంతరం నడిచే స్తంభపు బట్టీకి పేటెంటు పొందాడు. అతను అంతకుముందు ఎక్సైజు అధికారి. దొంగబట్టీలు పట్టుకుంటూ తిరిగినవాడే పెద్ద బట్టీని కనిపెట్టడం చరిత్రలో తమాషా అయిన విషయాల్లో ఒకటి. రాగి కుండ బట్టీలో ఒక విడత కాచి, ఖాళీచేసి, మళ్ళీ నింపాలి. కాఫీ బట్టీలో ఒకవైపు పులిసిన ద్రవం పోస్తూ ఉంటే మరోవైపు సారా వస్తూనే ఉంటుంది. 90 శాతం దాటిన బలంతో, దాదాపు ఏ వాసనా లేకుండా వస్తుంది. ఏ ధాన్యం వేసినా పెద్ద తేడా తెలియదు. దీన్ని రుచిగల మాల్టు విస్కీతో కలిపితే చౌకగా, తేలికగా, ఎక్కడైనా ఒకే రుచితో అమ్మగలిగే సరుకు తయారైంది. ప్రపంచమంతా తిరిగిన బ్లెండెడ్ స్కాచ్ ఇదే. బ్రిటిష్ దొరలతో మన మద్రాసు, కాకినాడ క్లబ్బులకు వచ్చిన విస్కీలోనూ ఎక్కువ భాగం ఇదే.

అయితే స్తంభపు బట్టీ సారాను విస్కీ అనవచ్చునా? ఈ వివాదం లండన్ కోర్టుకెక్కింది. 1905-06లో ఇస్లింగ్టన్ మునిసిపాలిటీ కొందరు వ్యాపారుల మీద, కొనుగోలుదారు అడిగిన సరుకు ఇది కాదంటూ కేసు వేసింది. మేజిస్ట్రేటు వ్యాపారులదే తప్పన్నాడు. ప్రభుత్వం 1908లో రాయల్ కమిషన్ వేసింది. 1909లో కమిషన్ రెండు బట్టీల సారానూ విస్కీ అనవచ్చునంది. ఒక షరతు మాత్రం నిలిచింది: ధాన్యం నుంచి రావాలి. పీపాలో కనీసం మూడేళ్ళు ఉండాలన్న నిబంధన మొదటి ప్రపంచ యుద్ధకాలపు చట్టంతో వచ్చింది. ఈ "ధాన్యం నుంచి రావాలి" అన్న మాటను గుర్తుపెట్టుకోండి. దీని కోసం మళ్ళీ వెనక్కి వస్తాం.

అమెరికాలో మొక్కజొన్న పండింది కాబట్టి బూర్బన్ పుట్టింది. చట్టం ప్రకారం ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే నిలవ ఉంచాలి. కొత్త పీపా కాబట్టి తీపి, వెనిలా వాసన, ముదురు రంగు త్వరగా దిగుతాయి. ఒకసారి వాడిన పీపా బూర్బన్‌కు మళ్ళీ పనికిరాదు కనుక అవి స్కాట్లండ్‌కు చేరతాయి. స్కాచ్‌లో మనకు తగిలే వెనిలా వాసనలో కొంత ఆ అమెరికా చట్టం పుణ్యమే. జపాన్ విస్కీని గురించి ఒక్క వాక్యం చాలు: 1918లో స్కాట్లండ్ వెళ్ళి పని నేర్చుకుని వచ్చిన మసతాక తకెత్సురు చేతుల మీదుగా, యమజాకిలో 1923లో మొదలైన బట్టీతో అది స్కాచ్ శైలికి దగ్గరగా స్థిరపడింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: పొగ వాసన, పచ్చి బార్లీ ఘాటు, వెనిలా తీపి, ఈ మూడింటిలో దేనికి ప్రకృతి కారణం, దేనికి చట్టం కారణం? కారణాలు చూపుతూ ఐదు వాక్యాల్లో రాయండి.

7.3 నాలుక సాక్ష్యం

కొన్నేళ్ళ క్రితం మా అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్ళినప్పుడు మా అల్లుడుగారు నాకొక పరీక్ష పెట్టారు. పొట్ట వెడల్పుగా, మూతి సన్నగా ఉన్న ఐదు గ్లాసుల్లో తలా కొంచెం పోసి, ఏది ఏమిటో చెప్పకుండా బల్ల మీద వరసగా పెట్టారు. "మామయ్యగారూ, ఇన్నేళ్ళు ఆబ్కారీ రిపోర్టులు చదివారు కదా, ఇప్పుడు వీటిని చదవండి" అన్నారు.

పద్ధతి కూడా ఆయనే చెప్పారు. ముందు రంగు చూడాలి గానీ నమ్మకూడదు. స్కాచ్‌లో రంగు కోసం కారమెల్ కలపడానికి చట్టమే అనుమతిస్తుంది. తరువాత వాసన. ముక్కు గ్లాసులో దూర్చేస్తే స్పిరిట్ ఘాటుకు ముక్కు మొద్దుబారుతుంది, కాస్త దూరంగా పట్టుకోవాలి. చిన్న గుక్క నాలుకంతా తాకేలా తిప్పాలి. తరువాత రెండు చుక్కల నీళ్ళు వేసి మళ్ళీ వాసన చూడాలి. నీళ్ళు పడగానే అంతవరకూ దాగి ఉన్న వాసనలు కొన్ని పైకి తేలతాయి. చివరిగా, మింగాక నోట్లో ఏం మిగిలింది, ఎంతసేపు మిగిలింది అని చూడాలి.

వీటికి ఇంగ్లిషులో వాడే మాటలు మనకు అక్కరకు రావు. హెదర్ పువ్వు వాసన అంటే ఆ పువ్వు చూసిందెవరు? నేను తెలుగు మాటలే వాడుకున్నాను. ఒకదానిలో పొయ్యిలో కాల్చిన తేగ వాసన. ఒకదానిలో తాటిబెల్లం పాకం. ఒకదానిలో ఓక్ చెక్క నుంచి దిగిన వగరు. షడ్రుచుల్లో వగరుకు ప్రత్యేక స్థానం ఇచ్చుకున్న భాష మనది, పచ్చి మామిడిపిందె కొరికిన ప్రతివారికీ అదేమిటో తెలుసు. ఆ విషయంలో తెలుగువాడి నోరు విస్కీని వర్ణించడానికి ముందే సిద్ధంగా ఉంది.

ఫలితం చెప్పాలి. పొగ వేసినదాన్ని వెంటనే పట్టేశాను. బూర్బన్‌నూ పట్టాను. ఐరిష్‌ను స్కాచ్ అన్నాను, స్కాచ్‌ను ఐరిష్ అన్నాను. ఐదో గ్లాసు దగ్గర ఆగిపోయాను. అందులో వెనిలా ఉంది, కానీ అది మా ఊరి బేకరీలో కేకు మీద చల్లే ఎసెన్స్ వాసన. తీపి ఉంది, ధాన్యం లేదు. మింగిన మరుక్షణం నోట్లో ఏమీ మిగల్లేదు, గొంతు మంట తప్ప. నాకు అది విస్కీ అనిపించలేదని చెప్పాను. ఆయన నవ్వి సీసా చూపించారు. ఇండియాలో తయారైన మామూలు రకం, మన ఊరి దుకాణంలో క్వార్టరు సీసాల్లో అమ్మేదే.

ఒక చిన్న పరీక్ష మీద సిద్ధాంతం కట్టకూడదు. ఐదింట రెండు తప్పిన నాలుక సాక్ష్యాన్ని ఏ కోర్టూ పూర్తిగా నమ్మదు. అయినా ఐదో గ్లాసు నాకొక ప్రశ్న ఇచ్చింది. ఇన్ని రకాల చెట్ల కల్లూ, ఇప్పపూల సారా ఎరిగిన నేలలో ఏ రుచీ లేని ఈ సారా ఎలా గెలిచింది?

7.4 చెట్టు నుంచి బట్టీకి: గోదావరి జిల్లాల్లో ఆబ్కారీ

జంగారెడ్డిగూడెం మెట్టకూ అడవికీ మధ్యనున్న ఊరు. ఆగ్నేయానికి దిగితే డెల్టా వరిచేలు, ఉత్తరానికి ఎక్కితే బుట్టాయగూడెం, పోలవరం వైపు కోయలు, కొండరెడ్లు ఉండే ఏజెన్సీ. ఈ ఎత్తుపల్లాల మీద మద్యం మారుతూ వచ్చేది. పల్లంలోనూ మెట్టలోనూ తాటికల్లు. అందులోనూ పోతుతాటి కల్లుకూ పెంటితాటి కల్లుకూ తేడా చెప్పేవారు. చలికాలంలో ఈతకల్లు. అడవిలో జీలుగుకల్లు. (పచ్చిరొట్టగా పొలంలో దున్నే జీలుగ వేరు, ఈ జీలుగు చెట్టు వేరు. గెలలు వేలాడే తాటిజాతి చెట్టు ఇది.) వేసవి మొదట్లో ఇప్పపువ్వు రాలితే ఏరి, ఎండబెట్టి, నానబెట్టి కుండబట్టీలో సారా కాచేవారు. కల్లు తెల్లవారుజామున తీపి, ఎండెక్కేసరికి పులుపు, సాయంత్రానికి ఘాటు. ఒకే కుండలోని కల్లును ఒకే రోజు మూడుసార్లు రుచి చూసి మూడు రకాలుగా చెప్పేవారు ప్రతి ఊళ్ళోనూ ఉండేవారు. విస్కీ రుచిచూసే ఏ నిపుణుడికీ తీసిపోని విద్య అది. లైసెన్సులేని విద్య.

ఇంత వైవిధ్యం మీద ఒకే పద్ధతిలో పన్ను వేయడం ఎలా? కంపెనీ కాలం నుంచీ సర్కారును వేధించిన ప్రశ్న ఇది. మొదట కాంట్రాక్టర్లకు ఇజారా ఇచ్చి చేతులు దులుపుకున్నారు. ఆ పద్ధతి ఎంత నిప్పు రాజేసిందో గోదావరికి అవతలి ఒడ్డున రంపలో తేలింది. కొండవాళ్ళు తమ వాడకానికి ఉచితంగా గీసుకునే కల్లును కొత్త నిబంధనలు నిషేధించాయి, కల్లు ఆదాయం ఇజారాదార్ల చేతికి పోయింది. అప్పటికే రంప మన్సబుదారు చిగురుపన్ను పేరుతో కల్లు మీద వసూళ్ళు చేస్తున్నాడు. 1879 మార్చిలో తిరుగుబాటు మొదలైంది. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య, అంబుల్‌రెడ్డి వంటివారు నాయకత్వం వహించారు. అణచడానికి సైన్యం రావలసి వచ్చింది. చివరికి ప్రభుత్వం మన్సబుదారును తొలగించి ముఠాదార్లతో నేరుగా ఒప్పందాలు చేసుకుంది. పోలీసుల దాష్టీకం, అప్పులిచ్చిన వర్తకుల మోసాలు కూడా ఆ తిరుగుబాటుకు కారణాలే. అయినా రంప 1879ని చదివేటప్పుడు మీరు చెట్టునూ కుండనూ మరిచిపోవద్దు. జీలుగుకల్లు ఆ మనుషులకు విలాసం కాదు. తిండిగింజలు అడుగంటే వేసవి నెలల్లో అదే ఆహారం. నా అభిప్రాయంలో మన పాఠ్యపుస్తకాలు ఈ అంశానికి ఇవ్వవలసినంత చోటు ఇవ్వలేదు.

1886 మద్రాసు ఆబ్కారీ చట్టం తరువాత వ్యవస్థ గట్టిపడింది. గీసే ప్రతి చెట్టుకూ పన్ను, పన్ను కట్టిన చెట్టుకు గుర్తు, దుకాణాలకు వేలంపాట. ఊరూరా కుండబట్టీల స్థానంలో కొద్దిపాటి పెద్ద బట్టీలు. వంద కుండల మీద కాపలా పెట్టడం కష్టం, ఒక్క ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా తేలిక. స్కాట్లండ్‌లోనూ, ఇక్కడా ఎక్సైజు శాఖ ఆలోచన ఒక్కటే. మన ప్రాంతంలో ఈ మార్పుకు గుర్తు సామర్లకోటలో నడిచిన దక్కన్ షుగర్ అండ్ ఆబ్కారీ కంపెనీ. ఆ పేరును ఒకసారి నెమ్మదిగా చదవండి. చక్కెర, ఆబ్కారీ ఒకే గొడుగు కిందికి వచ్చాయి. చక్కెర తీయగా మిగిలిన నల్లని మడ్డి, అంటే మొలాసిస్, సారాకు ముడిసరుకైంది. తాడి, ఈత, జీలుగు, ఇప్ప పక్కకు జరిగాయి, చెరకు ముందుకొచ్చింది.

7.5 కొలత: మంట నుంచి 42.8 దాకా

బలం ఎంతో తెలియకుండా పన్ను వేయలేరు. పాతకాలపు ఇంగ్లండులో సారాను తుపాకిమందు మీద పోసి అంటించేవారని చెబుతారు. మందు ఇంకా మండితే సారా "ప్రూఫ్", అంటే రుజువైనట్టు. మన పల్లెల్లో సారాను నిప్పు మీద చిలకరించి నీలిమంట చూసేవారు, సీసా ఊపి బుడగలు ఎంతసేపు నిలుస్తాయో చూసేవారు. రెండూ ఒకే తర్కం.

1816లో బ్రిటిష్ పార్లమెంటు సైక్స్ హైడ్రోమీటరును అధికారిక సాధనంగా చేసింది. దానితో ప్రూఫ్ అంటే నికరంగా ఘనపరిమాణంలో సుమారు 57.1 శాతం ఆల్కహాలు. అక్కడి నుంచి కిందికి "అండర్ ప్రూఫ్" డిగ్రీలు లెక్కపెట్టారు. ఇప్పుడు మీ ఊళ్ళో అమ్మే మామూలు రకం విస్కీ సీసా మీద లేబుల్ చూడండి. 42.8 శాతం అని ఉంటుంది. ఇదేం లెక్క, 40 కాదు, 43 కాదు? 25 డిగ్రీలు అండర్ ప్రూఫ్, అంటే 57.1లో నాలుగింట మూడు వంతులు. గుణించి చూడండి, 42.8 వస్తుంది. బ్రిటన్ ఆ కొలతను వదిలేసి దశాబ్దాలైంది. మన లేబుల్ మీద మాత్రం 1816 ఇంకా బతికే ఉంది.

కొలత వల్ల ఒక మేలు జరిగింది, తాగేవాడికి తాను ఎంత బలమైనది తాగుతున్నాడో తెలిసింది. ఒక నష్టమూ జరిగింది. హైడ్రోమీటరు బలాన్ని చూస్తుంది, రుచిని చూడదు. ఇప్పసారా, మొలాసిస్ సారా ఒకే డిగ్రీలో ఉంటే సర్కారు లెక్కలో రెండూ ఒక్కటే.

7.6 దుకాణంలో విస్కీ

స్వాతంత్ర్యానికి ముందే మద్రాసు రాష్ట్రంలో మద్యనిషేధం మొదలైంది. రాజాజీ ప్రభుత్వం 1937లో సేలం జిల్లాతో ఆరంభించింది, 1948 నాటికి రాష్ట్రమంతా విస్తరించింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక ఈ ప్రశ్న మీదే ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. నిషేధం సడలాక సారా మళ్ళీ సర్కారు ఆదాయంగా వచ్చింది. 1980లలో వారుణివాహిని పేరుతో ప్రభుత్వమే సారాను ప్యాకెట్లలో అమ్మించింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన మహిళల ఉద్యమం ఆ సారాను 1993 అక్టోబరు నుంచి నిషేధించేలా చేసింది. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ నిషేధం, 1997లో దాని సడలింపు మీకు ఇతర పాఠాల్లో వస్తాయి.

మన పాఠానికి కావలసింది ఒక్కటే. సారా నిషేధం కొనసాగింది, విస్కీ, బ్రాందీలు తిరిగి వచ్చాయి. కూలి చేసుకునేవాడి గ్లాసులోకి విస్కీ అనే పేరు అప్పుడే పూర్తిగా దిగింది. సర్కారు భాషలో దీని పేరు ఇండియన్ మేడ్ ఫారిన్ లిక్కర్, అంటే ఇక్కడ చేసిన విదేశీ మద్యం. ఆ పేరులోని వైరుధ్యం గురించి వేరే చెప్పనక్కరలేదు. చౌకరకం విస్కీలో ఎక్కువభాగం స్తంభపు బట్టీలో తీసిన వాసనలేని స్పిరిట్. చాలాకాలం దానికి ముడిసరుకు మొలాసిస్, ఇటీవల ధాన్యం వాటా పెరుగుతోంది. దానిలో రంగు, పరిమళం, ధరను బట్టి కొంత మాల్టు స్పిరిట్ కలుపుతారు. 1909 కమిషన్ పెట్టిన షరతు ప్రకారం మొలాసిస్ నుంచి వచ్చినది విస్కీ కాదు. ఐరోపా సమాఖ్య ఇప్పటికీ దాన్ని ఆ పేరుతో అమ్మనివ్వదు. నా ఐదో గ్లాసులో ధాన్యం ఎందుకు తగల్లేదో ఇప్పుడు మీకు తెలిసింది. దూబగుంట మహిళలు తరిమింది సారానే. వేరే లేబుల్‌తో తిరిగి వచ్చినదాన్ని ఏమనాలో మీరే ఆలోచించండి.

న్యాయంగా మరో వైపు కూడా చెప్పాలి. బార్లీతో, రాగి కుండబట్టీతో అసలైన మాల్టు విస్కీ చేసే సంప్రదాయం కూడా ఇండియాలో ఉంది. 19వ శతాబ్దం మధ్యలో ఎడ్వర్డ్ డయ్యర్ కసౌలీ కొండల్లో పెట్టిన కర్మాగారం దానికి మూలం. 1948లో బెంగళూరులో ప్రారంభమైన అమృత్ సంస్థ తన సింగిల్ మాల్టును 2004లో విడుదల చేసింది, అదీ గ్లాస్గో నగరంలో. స్కాట్లండ్ చలిలో పీపా నుంచి ఏడాదికి రెండు శాతం దాకా ఆవిరవుతుంది. బెంగళూరు వేడికి అది 10 శాతం దాటుతుంది. పీపాలో సరుకు త్వరగా తగ్గుతుంది, త్వరగా పండుతుంది కూడా. పన్నెండేళ్ళ స్కాచ్ రుచికి ఇక్కడ ఐదారేళ్ళు చాలునంటారు. వయసు అంకె చూసి విస్కీని పోల్చేవారు ఈ ఎండ లెక్క మరిచిపోతారు.

7.7 రుచి చెప్పలేనిది

ఇంతసేపూ రుచిని ఆధారంగా చదవడం నేర్చుకున్నాం. ఈ ఆధారం ఎక్కడ ఆగిపోతుందో కూడా తెలియాలి, ఈ ఊళ్ళో కూర్చుని రాస్తున్నప్పుడు అది చెప్పకుండా దాటలేను.

2022 మార్చిలో జంగారెడ్డిగూడెంలో వరుసగా మరణాలు సంభవించాయి. నాటుసారా వల్లనేనని ప్రతిపక్షం, కాదని ప్రభుత్వం వాదించాయి. శాసనసభ రోజుల తరబడి అట్టుడికింది. ఆ వాదంలో తీర్పు చెప్పడం ఈ పాఠం పని కాదు. కానీ ఆ రోజుల్లో టీకొట్టు దగ్గర ఒక మాట పదేపదే విన్నాను: "అనుభవం ఉన్నోడు వాసన చూస్తే చెప్పేస్తాడండీ, మంచిదో కాదో." కాదు. చెప్పలేడు. మనుషుల్ని చంపే మిథనాల్ వాసనలోనూ రుచిలోనూ మామూలు ఆల్కహాలుకు చాలా దగ్గర. అదీ మండుతుంది, కాబట్టి మంట పరీక్ష కూడా పనికిరాదు. మిథనాల్ 64.7 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది, తాగే ఆల్కహాలు 78 దాటాక. ఈ తేడా చిన్నది. పైగా ఎక్కువ ప్రమాదాలు బట్టీలో కాదు, ఎవరో చౌకగా వస్తుందని పారిశ్రామిక స్పిరిట్ కలిపినప్పుడు జరుగుతాయి. కళ్ళు మసకబారడం, కడుపునొప్పి మొదలయ్యేసరికి గంటలు గడిచిపోతాయి. ఆ లక్షణాలు కనబడితే మనిషిని వెంటనే ఆసుపత్రికి చేర్చాలి, తెల్లారాక చూద్దామని పడుకోబెట్టకూడదు.

పొగాకు బేలు దగ్గరి కొనుగోలుదారు పొరబడితే డబ్బు పోతుంది. ఐదు గ్లాసుల దగ్గర నేను పొరబడితే మా అల్లుడుగారు నవ్వారు. ఇక్కడ పొరబాటుకు ఆ వెసులుబాటు లేదు. దీనికి ప్రయోగశాల కావాలి.

అభ్యాసం

మీ ఊళ్ళో అరవై దాటినవారిలో కల్లుగీత వృత్తి చేసినవారినో, ఏజెన్సీ గ్రామమైతే ఇప్పపువ్వు ఏరిన స్త్రీలనో కలవండి. ముందుగా మీరు ఎవరో, ఎందుకు అడుగుతున్నారో చెప్పండి. పేర్లు రాసుకోవద్దు. కల్లు, సారాల రుచి, వాసన, బలం తెలపడానికి వారు వాడే మాటలు వారి నోట వచ్చినట్టే రాసుకోండి. ఒక్కొక్క మాట పక్కన అది ఏ చెట్టుకు, ఏ కాలానికి, రోజులో ఏ వేళకు చెందినదో గుర్తించండి. తరువాత ఒక విస్కీ సీసా లేబుల్ మీద ఉన్న మాటలన్నీ పక్క కాగితం మీద రాయండి. సీసా కొననక్కరలేదు, ఖాళీది చాలు. రెండు కాగితాలూ సంప్రదింపు తరగతికి తీసుకురండి.